చికోరీ ఇన్యులిన్ పొడి: సరుకు మంచిదే, లేబుల్ మాత్రం సగమే చెబుతుంది

డబ్బా ముందువైపు రెండు మాటలున్నాయి. ఒకటి, "మొక్కల నుంచి తీసిన ప్రీబయోటిక్ ఫైబర్". రెండోది, "మీ గట్‌ను రీసెట్ చేస్తుంది". మొదటిది నిజం, ప్రీబయోటిక్ అంటే పేగులోని మేలుచేసే బ్యాక్టీరియాకి మేత. రెండోది అమ్ముకోవడానికి రాసుకున్న మాట. వెనక్కి తిప్పితే పదార్థాల జాబితాలో ఒకే ఒక్క పేరు కనిపిస్తుంది: చికోరీ వేరు నుంచి తీసిన ఇన్యులిన్. రంగు లేదు, ఫ్లేవర్ లేదు, తీపి కోసం విడిగా కలిపిందేమీ లేదు. అది నాకు నచ్చింది. ఇదే సరుకు రకరకాల పేర్లతో దొరుకుతోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. ఏ డబ్బా కొన్నా లోపల ఉన్నది ఇన్యులినే అయితే కడుపులో జరిగేది కూడా దాదాపు ఇదే.

నా పని గురించి కొంచెం చెప్పాలి. ఈ పొడి మంచీ చెడూ రెండూ అక్కడే బయటపడ్డాయి. నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. గంటల తరబడి బూత్‌లో కూర్చోవాలి. గొంతు తడుపుకోవడానికి రెండు గుక్కలు నీళ్లు తాగుతామే గానీ, కడుపునిండా తాగితే టేక్ మధ్యలో లేవాల్సి వస్తుందని మానుకుంటాం. కదలిక తక్కువ, నీళ్లు తక్కువ, భోజనానికి వేళాపాళా ఉండదు. ఇక మలబద్ధకం రాక ఏం చేస్తుంది? డాక్టర్ పరీక్షలు చేసి, భయపడాల్సిందేమీ లేదన్నారు. తిండిలో పీచు పెంచమని, అది సరిపోకపోతే ఇలాంటి పొడి వాడి చూడమని చెప్పారు.

పొడి తెల్లగా, చాలా మెత్తగా ఉంది. వాసన లేదు. నోట్లో వేసుకుంటే లేతగా తీపి. పంచదారలో పదో వంతు తీపి అంటారు, నా నాలుకకీ అంతే తెలిసింది. చల్లటి నీళ్లలో ఒకేసారి వేస్తే పైన తేలుతూ ఉండలు కడుతుంది. ముందు కొద్దిగా గోరువెచ్చని నీళ్లతో పేస్టులా కలుపుకుని, తర్వాత మిగతా నీళ్లు పోస్తే శుభ్రంగా కరిగిపోతుంది. జిగురు రాదు, గొంతుకి అడ్డం పడదు. మా పనిలో ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ఒక్కటే ఇబ్బంది, ఈ పొడి గాలిలో తేమని ఇట్టే లాగేసుకుంటుంది. డబ్బా మూతేమో వదులు. వారం తిరక్కుండానే అంచుల దగ్గర పెచ్చులు కట్టింది, చెంచా వెనక భాగంతో కొట్టి పగలగొట్టాల్సి వచ్చింది. ఇంత డబ్బా తయారుచేసినవాళ్లు మూతలో ఒక సీలు పెట్టలేకపోయారా అనిపించింది. స్కూపు కూడా పొడి అడుగున ఎక్కడో పూడుకుని ఉంది, వేళ్లు పెట్టి వెతుక్కోవాలి.

ఇన్యులిన్ నిన్నగాక మొన్న పుట్టిన సరుకేమీ కాదు. వాలెంటిన్ రోజ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1804లోనే ఒక మొక్క వేరులో దీన్ని గుర్తించాడు. ఉల్లి, వెల్లుల్లి, అరటి, గోధుమ అన్నిట్లోనూ ఎంతో కొంత ఉంటుంది. చికోరీ వేరులో దండిగా ఉంటుంది కాబట్టి ఫ్యాక్టరీలు దాని వెంట పడ్డాయి. కిడ్నీ డాక్టర్లకి దీనితో వేరే పరిచయం ఉంది. రక్తంలోకి ఎక్కిస్తే శరీరం దీన్ని వాడుకోదు, దాచుకోదు, కిడ్నీ వడపోసి బయటికి పంపేస్తుంది. అందుకే కిడ్నీ ఎంత వేగంగా వడపోస్తోందో కొలవడానికి చాలాకాలం దీన్నే కొలమానంగా పెట్టుకున్నారు.

పేగులోనూ మన శరీరం దీని జోలికి పోదు. ఇన్యులిన్ అంటే ఫ్రక్టోజ్ అనే చక్కెర అణువుల గొలుసు. ఆ గొలుసులో లింకుల్ని తెంచే ఎంజైము మనిషి ఒంట్లో లేదు. కాబట్టి పొట్ట, చిన్నపేగు దాటుకుని దాదాపు అలాగే పెద్దపేగుకి చేరుతుంది. అక్కడ ఎదురుచూస్తున్న జనాభా తక్కువేం కాదు. మనిషి ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయని 2016లో ఒక లెక్క వేశారు, వాటిలో చాలా భాగం కాపురం పెద్దపేగులోనే. మనకి చేతకాని ఆ లింకుల్ని తెంచే ఎంజైములు వాటిలో కొన్నిటికి ఉన్నాయి. అన్నిటికీ కాదు, కొన్నిటికే. ఈ పొడి కథంతా ఆ "కొన్నిటికే" దగ్గరే ఉంది.

ప్రీబయోటిక్ అనే ఆలోచనని గ్లెన్ గిబ్సన్, మార్సెల్ రోబర్‌ఫ్రాయిడ్ 1995లో ముందుకు తెచ్చారు. 2017లో శాస్త్రవేత్తలు కూర్చుని నిర్వచనాన్ని తిరగరాసినా రెండు షరతులు మాత్రం నిలిచాయి. ఆ పదార్థాన్ని మన ఒంట్లోని సూక్ష్మజీవుల్లో కొన్ని ఎంచుకుని వాడుకోవాలి, దానివల్ల మనకి మేలు జరగాలి. పీచు అయినంత మాత్రాన ప్రీబయోటిక్ అయిపోదు. ఇసబ్‌గోల్‌నే తీసుకోండి, మంచి పీచు, విరేచనానికి బాగా పనిచేస్తుంది, కానీ బ్యాక్టీరియా దాన్ని పెద్దగా ముట్టుకోవు. నీళ్లు పీల్చుకుని జెల్‌లా మారి దారిన పోతుంది. ఇన్యులిన్ అలా కాదు, పెద్దపేగులో దాన్ని తినేస్తారు.

ముందుగా లాభపడేవి బిఫిడోబ్యాక్టీరియా. మనుషుల మీద జరిగిన పరిశోధనల్లో మళ్లీ మళ్లీ కనిపించిన ఫలితం ఇదొక్కటే అన్నా తప్పులేదు: ఇన్యులిన్ ఇస్తే బిఫిడో పెరుగుతుంది. ఇవి ఇన్యులిన్‌ని తిని ఎసిటేట్, లాక్టేట్ అనే ఆమ్లాల్ని వదులుతాయి. ఆ రెంటినీ వేరే బ్యాక్టీరియా అందుకుని బ్యుటిరేట్ అనే ఇంకో ఆమ్లంగా మారుస్తాయి. అనిరోస్టైప్స్ లాంటివి ఆ బాపతు. బిఫిడో ఎంగిలే వాటికి భోజనం. పెద్దపేగు లోపలి పొరలో కణాలకి ముఖ్యమైన ఇంధనం ఆ బ్యుటిరేటే. డబ్బా మీద ఎక్కడా ఈ సంగతి లేదు. "మంచి బ్యాక్టీరియా" అని ఒక బొమ్మ, దానికో నవ్వు ముఖం, అంతే.

ఇప్పుడు గ్యాస్ సంగతి. ఇది విడమరిచి చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు.

లేబుల్ మీద "రోజుకు రెండు స్కూపులు" అని ఉంది. స్కూపుకి 5 గ్రాములు. మొదటి రోజు ఎంత, తర్వాత ఎంత అన్న ముక్కే లేదు. రాసినట్టే పొద్దున్నే రెండు స్కూపులు కలుపుకుని తాగి స్టూడియోకి వెళ్లాను. మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. తర్వాత ఒక ఏడుపు సీను. పాత్ర మంచం పక్కన కూర్చుని మెల్లగా, దాదాపు ఊపిరితో మాట్లాడాలి. అలాంటి చోట మైకు గెయిన్, అంటే చిన్న శబ్దాన్నీ పట్టుకునే శక్తి, బాగా పెంచుతారు. డైలాగు అయింది, చివరి మాట తర్వాత రెండు సెకన్ల మౌనం. ఆ మౌనంలో నా కడుపు గుర్రుమంది. గాజు అవతల ఇంజినీరు తలెత్తాడు. "అక్కా, ఇంకోటి చేద్దాం, ఏదో పడింది" అన్నాడు. రెండో టేక్‌లోనూ పడింది. మూడోసారి నన్ను పిలిచి స్క్రీన్ మీద చూపించాడు. నా మాటల గీత అయిపోయాక, చదునుగా ఉండాల్సిన చోట ఒక చిన్న గుట్ట. "ఇది ఏసీ కాదక్కా" అన్నాడు, నవ్వాపుకుంటూ. ఆ సీను మర్నాటికి వాయిదా పడింది.

ఎందుకలా జరుగుతుందో తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. తమాషా ఏంటంటే బిఫిడో స్వయంగా గ్యాస్ వదలదు. చక్కెరని అది విరిచే పద్ధతిలో ఎసిటేట్, లాక్టేట్ వస్తాయే గానీ గ్యాస్ రాదు. ఇన్యులిన్‌లో వాటా పంచుకునే మిగతా బ్యాక్టీరియా, ఆ ఎంగిలి తినేవాటిలో కొన్ని, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. కొందరి పేగుల్లో ఆ హైడ్రోజన్‌ని మీథేన్‌గా మార్చే సూక్ష్మజీవులు కూడా ఉంటాయి. ఒకేసారి 10 గ్రాములు దిగితే ఈ పనంతా కొద్ది గంటల్లోనే జరిగిపోతుంది. గ్యాస్ వచ్చిందంటే పొడి పాడైందని కాదు, అరగలేదని కూడా కాదు, లోపల తింటున్నారని. కానీ ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాడిది. అర స్కూపుతో మొదలుపెట్టి, కడుపు సర్దుకున్నాక కొద్దికొద్దిగా పెంచమని ఒక్క వాక్యం రాస్తే ఏం పోయేది? అక్కడ జాగా లేదనడానికి లేదు, నవ్వు ముఖం బొమ్మ అంత పెద్దది వేశారు.

తర్వాత నేను అర స్కూపుకి దిగాను, అదీ పొద్దున కాదు, రాత్రి. గుర్రుమంటే నిద్రలో గుర్రుమంటుంది, మైకు ముందు కాదు. మెల్లగా పెంచుకుంటూ పోయి రెండు స్కూపుల దగ్గర ఆగాను, ఒకటి సాయంత్రం, ఒకటి రాత్రి. ఉబ్బరం పూర్తిగా పోలేదు గానీ పనికి అడ్డు రావడం మానేసింది. విరేచనం సాఫీగా అవుతోంది, ముక్కాల్సిన అవసరం తగ్గింది. మధ్యలో ఒక పెద్ద ప్రాజెక్టు వల్ల పొడి పక్కన పెట్టేశాను, కొద్దిరోజులకే పాత కథ మొదలైంది. అది సహజమే. తిండి ఆపేస్తే పెరిగిన బ్యాక్టీరియా అక్కడే ఎందుకుంటాయి? కాబట్టి "రీసెట్" అనే మాట ఇక్కడ కూడా తప్పు. వాడినంత కాలమే పనిచేసే సరుకు ఇది.

మలబద్ధకానికి ఎంత కావాలన్న దానికి అధికారికంగా ఒక అంకె ఉంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చికోరీ ఇన్యులిన్ రోజుకు 12 గ్రాములు తీసుకుంటే విరేచనం క్రమంగా అవడానికి తోడ్పడుతుందన్న మాటని ఒప్పుకుంది. బిఫిడో పెరగడానికి అంతకంటే తక్కువ చాలు, 5 గ్రాముల స్థాయిలోనే మార్పు కనిపించిన అధ్యయనాలున్నాయి. ఈ డబ్బా ప్రకటనలో మాత్రం "ఒక్క స్కూపుతో హాయి" అన్నారు. బ్యాక్టీరియాకి హాయేమో గానీ నాకు చాల్లేదు.

ఇక "గట్ మొత్తం మారిపోతుంది" అనే ప్రచారం. బెల్జియంలోని ల్యూవెన్ పరిశోధకులు ఓ మోస్తరు మలబద్ధకం ఉన్నవాళ్లకి ఇదే 12 గ్రాములు ఇచ్చి, 2017లో ఫలితాలు ప్రచురించారు. వందల రకాల బ్యాక్టీరియాలో స్పష్టంగా కదిలినవి మూడే: బిఫిడో, అనిరోస్టైప్స్ పెరిగాయి, బైలోఫిలా తగ్గింది. నాకు ఇది నిరాశ కలిగించలేదు, పైగా నమ్మకం పెంచింది. ఏం చేస్తుందో అదే చేస్తోంది, మిగతావాటిని కదిలించడం లేదు. 2018లో 64 అధ్యయనాలు, 2,099 మంది వివరాలు కలిపి చూసిన సమీక్షలోనూ అంతే. ఫైబర్ ఇస్తే బిఫిడో, లాక్టోబాసిలస్ పెరిగాయి, బ్యుటిరేట్ పెరిగింది, కానీ బ్యాక్టీరియా రకాల వైవిధ్యం మాత్రం పెరగలేదు. "వైవిధ్యం పెంచుతుంది" అని డబ్బా మీద చూస్తే నాకు ఒళ్లు మండేది అందుకే. ఒక్క రకం మేత వేసి అన్ని రకాల పశువుల్నీ మందలోకి రప్పిస్తామంటే ఎలా?

మనిషి మనిషికీ ఫలితం మారుతుంది కూడా. మిషిగన్ పరిశోధకులు 2019లో ఆరోగ్యంగా ఉన్న యువతకి రకరకాల ఫైబర్లు ఇచ్చి చూస్తే, బంగాళాదుంప నుంచి తీసిన అరగని పిండిపదార్థం బ్యుటిరేట్‌ని పెంచింది, చికోరీ ఇన్యులిన్ చెప్పుకోదగ్గంతగా పెంచలేదు. ఎవరి పేగులో ముందునుంచి ఎవరున్నారన్న దాన్ని బట్టే ఫలితం. మలంలో కొలిచే బ్యుటిరేట్ అసలు తయారైనదాంట్లో ఒక చిన్న వంతేనని, మిగతాదంతా పేగు గోడే పీల్చేసుకుంటుందని కూడా గుర్తుపెట్టుకోవాలి. కాబట్టి స్టూల్ టెస్టు చేయించి ముందూ తర్వాతా రిపోర్టులు పెట్టమని నన్ను అడగకండి. ఆ ఖర్చు నేను పెట్టలేదు, పెట్టను.

మంచి వార్తలూ ఉన్నాయి, దాచడం న్యాయం కాదు. లండన్‌లో 60 ఏళ్లు దాటిన 36 జంటల కవలల మీద చేసిన పరిశోధన 2024లో వచ్చింది. ఒకరికి ఇన్యులిన్ తరహా ప్రీబయోటిక్, ఇంకొకరికి ఉత్తుత్తి పొడి, 12 వారాలు. ప్రీబయోటిక్ వాడినవాళ్లలో బిఫిడో పెరిగింది, జ్ఞాపకశక్తి పరీక్షల్లో కొంచెం మెరుగయ్యారు. కండబలంలో తేడా రాలేదు. ఇది చూసి డైలాగులు బాగా గుర్తుంటాయని నేను ఆశపడటం లేదు, నా వయసు వేరు, అది ఒక్క పరిశోధన. ఎక్కువైతే ఎక్కువ మేలని అనుకునేవాళ్లకి మాత్రం స్టాన్‌ఫర్డ్‌లో 2022లో వచ్చిన చిన్న అధ్యయనం చెప్పాలి. పొడవాటి గొలుసుల ఇన్యులిన్‌ని వారం వారం పెంచుతూ రోజుకు 30 గ్రాములకి తీసుకెళ్లినప్పుడు కొందరిలో ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు) సూచికలు, లివర్ ఎంజైము పెరిగాయి. 18 మంది మీద చేసినదే అయినా, స్కూపు మీద స్కూపు వేసుకునేవాళ్లని ఆపడానికి సరిపోతుంది.

గొలుసు పొడవు అన్నాను కదా. ఈ డబ్బా మీద లేని ముఖ్యమైన సమాచారం అదే. చికోరీ ఇన్యులిన్‌లో రెండు అణువుల పొట్టి ముక్కల నుంచి అరవై దాకా ఉన్న పొడుగు గొలుసుల వరకూ ఉంటాయి. పొట్టివి, అంటే ఒలిగోఫ్రక్టోజ్, పెద్దపేగు మొదట్లోనే గబగబా పులిసిపోతాయి, గ్యాస్ కూడా గబగబా వస్తుంది. పొడుగువి నెమ్మదిగా, ఇంకొంచెం దూరం వెళ్లి పులుస్తాయి. తీపి ఎక్కువగా తగిలితే పొట్టివి ఎక్కువున్నాయని ఒక గుర్తు. సగటు పొడవు ఎంతని కంపెనీకి మెయిల్ పెట్టాను. "మా ఉత్పత్తి నూరు శాతం సహజం" అని జవాబు వచ్చింది. అదే ప్రశ్న మళ్లీ పంపాను. ఈసారి డిస్కౌంట్ కూపన్ వచ్చింది.

ఎవరు కొనకూడదో చెప్పేస్తాను. ఐబీఎస్ (కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనం గతితప్పడం మాటిమాటికీ వచ్చే పేగుల సమస్య) ఉన్నవాళ్లు దీని జోలికి తొందరపడి వెళ్లొద్దు. ఇన్యులిన్ ఫ్రక్టాన్ల (ఫ్రక్టోజ్ గొలుసుల) జాతి, ఫాడ్‌మ్యాప్ (చిన్నపేగులో సరిగ్గా ఇంకకుండా పులిసి గ్యాస్ చేసే పిండిపదార్థాలు) తగ్గించమని డాక్టర్లు చెప్పే జాబితాలో ముందుండేది ఇదే. నాటింగ్‌హామ్‌లో ఎంఆర్‌ఐ తీసి చూసిన ఒక పరిశోధనలో ఐబీఎస్ ఉన్నవాళ్లకి ఇన్యులిన్‌తో పాటు ఇసబ్‌గోల్ కలిపి ఇస్తే పెద్దపేగులో గ్యాస్ తగ్గింది. ఆసక్తికరమే, కానీ సొంత ప్రయోగాలు వద్దు, డాక్టర్‌తో మాట్లాడండి. పేగులో అడ్డంకి ఉన్నవాళ్లు, కొత్తగా కడుపునొప్పి గానీ మలంలో రక్తం గానీ కనిపించినవాళ్లు ముందు పరీక్ష చేయించుకోవాలి, పొడి తర్వాత. ఇన్యులిన్ అలెర్జీ చాలా అరుదు, కానీ ఉంది.

గ్యాస్‌కి భయపడేవాళ్లకి గోరుచిక్కుడు గింజల జిగురుని ఎంజైములతో చిన్న ముక్కలు చేసిన పొడి ఉంటుంది, లేబుల్ మీద పార్షియల్లీ హైడ్రోలైజ్డ్ గ్వార్ గమ్ అని రాస్తారు. నెమ్మదిగా పులుస్తుంది, రుచి లేదు, నీళ్లలో కనిపించకుండా కరిగిపోతుంది. మా ఇంజినీరు (అదే, గుట్ట చూపించినవాడు) ఇప్పుడు అది వాడుతున్నాడు, తనకి ఉబ్బరం లేదంటున్నాడు. గాలాక్టో ఒలిగోశాకరైడ్లు అనే పొట్టి చక్కెర గొలుసులు కూడా మంచి ప్రీబయోటిక్కే, అయితే వాటిని మామూలుగా పాలలోని లాక్టోజ్ నుంచి తయారుచేస్తారు. మొక్కలదే కావాలనుకునేవాళ్లు పదార్థాల జాబితా చదివి కొనండి, ముందువైపు ఆకుల బొమ్మ చూసి కాదు.

పొడికి ఐదుకి నాలుగు. లేబుల్‌కి ఒకటి, అదీ పదార్థాల జాబితా నిజాయితీగా ఉన్నందుకు. మూతకి సున్నా. నేను మళ్లీ కొంటాను, ఈసారి గొలుసు పొడవు లేబుల్ మీద అచ్చువేసే కంపెనీది. పాత డబ్బాలో మిగిలిన పొడిని బిగుతు మూత ఉన్న గాజు సీసాలోకి మార్చాను, పెచ్చులు కట్టడం ఆగింది.